మద్యం మత్తులో డ్రైవింగ్: శిక్షల చరిత్ర (1860 నుంచి 2024 దాకా)

ముందుగా ఒక చిన్న ప్రశ్న. రాత్రి పదకొండు గంటలకు ఇద్దరు వ్యక్తులు తాగి బండి నడుపుతున్నారు. మొదటివాడిని పోలీసులు తనిఖీలో ఆపారు. అతను దిగి, గొట్టంలోకి ఊదాడు, దొరికిపోయాడు. రెండోవాడు రోడ్డు పక్కన నిద్రపోతున్న ఒక కూలీని గుద్ది, ఆగకుండా వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం వకీలును వెంటబెట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు. వీరిద్దరిలో తాగి నడిపిన నేరం ఎవరి మీద సులువుగా రుజువవుతుంది?

మొదటివాడి మీదే. ఎవరికీ హాని చేయనివాడి నేరం తేలిగ్గా రుజువవుతుంది, ప్రాణం తీసినవాడి మత్తు మాత్రం అప్పటికే రక్తంలోంచి దిగిపోయి ఉంటుంది. ఈ విషయంపై మనం సాధారణంగా జరిమానా ఎంత, జైలు ఎన్ని నెలలు అని చదువుకుని వదిలేస్తాం. కానీ ఈ చట్టం చరిత్రను మొదటి నుంచి చూస్తే, శిక్ష ఎంత అన్నది ఎప్పుడూ అసలు చిక్కు కాలేదు. చిక్కంతా రెండు ప్రశ్నల దగ్గరే వచ్చింది. ఒకటి, అతను తాగాడని ఎలా తేల్చాలి? రెండు, తాగి నడిపితే ప్రాణాలు పోతాయని అతనికి తెలుసా, తెలియదా? ఈ రెండింటినీ పట్టుకుని ముందుకు వెళ్దాం.

1. మోటారు రాకముందు

భారత శిక్షాస్మృతి 1860లో చట్టమైంది. అప్పటికి మన రోడ్ల మీద ఉన్నవి ఎడ్లబండ్లు, గుర్రపు బండ్లు. అయినా ఈ విషయానికి పనికొచ్చే సెక్షన్లు అందులో ఉన్నాయి.

సెక్షన్ 279 బహిరంగ మార్గంలో దూకుడుగా, నిర్లక్ష్యంగా బండి తోలడాన్ని నేరంగా పేర్కొంది. సెక్షన్ 510 తాగి బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగించేవాడికి 24 గంటల సాధారణ జైలు లేదా 10 రూపాయల జరిమానా విధించింది. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఏం చేయాలన్నది మొదటి పాఠంలో విడిగా లేదు. 1870 సవరణతో సెక్షన్ 304-ఏ వచ్చింది. గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఈ రెండేళ్ల పరిమితి 2024 జూన్ 30 వరకు, అంటే 150 ఏళ్లకు పైగా అలాగే ఉందని గుర్తుపెట్టుకోండి. ఎడ్లబండి కాలంలో రాసిన శిక్షే గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారుకూ వర్తించింది.

శిక్షాస్మృతిలోని మరో రెండు సెక్షన్లను అభ్యర్థులు తరచుగా వదిలేస్తారు. అవి 85, 86. తనకు తెలియకుండా లేదా తన ఇష్టానికి విరుద్ధంగా ఎవరైనా మత్తు ఇస్తే, ఆ స్థితిలో తాను చేస్తున్నదేమిటో గ్రహించలేని మనిషికి సెక్షన్ 85 రక్షణ ఇస్తుంది. తనంతట తాను తాగినవాడి సంగతి సెక్షన్ 86 చెబుతుంది. తాగకుండా ఉంటే అతనికి ఏ తెలివిడి ఉండేదో, ఆ తెలివిడి ఉన్నట్టే చట్టం అతన్ని చూస్తుంది. "మత్తులో ఉన్నాను, ఏం జరుగుతుందో తెలియలేదు" అన్న మాట చెల్లదన్నమాట. ఈ రెండు సూత్రాలే నేడు భారతీయ న్యాయ సంహితలో 23, 24 సెక్షన్లుగా ఉన్నాయి. మన రెండో ప్రశ్నకు బీజం ఇక్కడ ఉంది.

ఇదే కాలంలో బ్రిటన్‌లో ఏం జరిగిందో కూడా చూడండి. 1872 లైసెన్సింగ్ చట్టం బండి, గుర్రం, పశువులు, ఆవిరి యంత్రం వంటివాటిని తాగిన స్థితిలో తోలడాన్ని నేరంగా ప్రకటించింది. 1897లో లండన్‌లో ఒక టాక్సీ డ్రైవర్ మోటారు వాహనాన్ని తాగి నడిపి జరిమానా కట్టాడు. ఈ తరహా కేసుల్లో మొదటిదిగా చరిత్రకారులు దీన్నే చెబుతారు. అప్పట్లో రుజువు అంటే పోలీసు కంటికి కనిపించింది, నిందితుడు ఒప్పుకున్నది మాత్రమే.

2. 1914, 1939: వలస పాలనలో మోటారు చట్టాలు

బ్రిటిష్ ఇండియా మొత్తానికి వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. రిజిస్ట్రేషన్, లైసెన్స్, దూకుడు డ్రైవింగ్ వంటి ప్రాథమిక అంశాలు దాని పరిధి. మోటారు బండి అప్పటికి సంస్థానాధీశులు, దొరలు, పెద్ద వ్యాపారుల దగ్గర ఉండే అపురూపమైన వస్తువు. బస్సులు, లారీలు పెరిగాక ఆ చట్టం చాలలేదు. 1939లో కొత్త చట్టం తెచ్చారు.

1939 చట్టంలోని సెక్షన్ 117 మన అంశానికి మూలం. మద్యం లేదా మత్తుమందు ప్రభావంలో ఉండి, వాహనాన్ని సరిగా అదుపు చేయలేని స్థితిలో నడిపితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1939లో 500 రూపాయలంటే చిన్న మొత్తం కాదు. కాగితం మీద శిక్ష గట్టిదే.

అయితే "అదుపు చేయలేని స్థితి" అన్న మాట దగ్గర ఆగండి. తాగాడని చూపిస్తే చాలదు, అదుపు తప్పేంతగా తాగాడని చూపించాలి. దాన్ని ఎవరు చెప్పాలి? కానిస్టేబుల్ చెబితే "నా మీద కక్ష" అనవచ్చు. డాక్టర్ చెబితే "వాసన చూసి చెప్పాడు" అనవచ్చు. ఎంత అన్నదానికి కొలత లేదు. కొలత లేని నేరంలో వకీలు ఖర్చు భరించగలవాడికి ఎప్పుడూ ఒక దారి దొరుకుతుంది.

3. వాసన నుంచి కొలత దాకా

1971లో బచుభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కును నేరుగా ఎదుర్కొంది. నోటి నుంచి మద్యం వాసన రావడం, నడక తూలడం, కనుపాపలు పెద్దవి కావడం, మాట తడబడటం వంటి లక్షణాలను డాక్టర్ నమోదు చేశాడు. రక్త పరీక్ష మాత్రం లేదు. ఈ లక్షణాలను బట్టే మద్యం నేరం రుజువైందని అనలేమని కోర్టు చెప్పింది. నిందితుడి హక్కుల వైపు నుంచి చూస్తే ఇది సరైన మాటే. జబ్బు చేసినవాడు, దెబ్బ తగిలి దిమ్మెరపోయినవాడు కూడా తూలుతాడు. కానీ రోడ్డు మీద నడిచేవాడి వైపు నుంచి చూస్తే ఇది ఒక ఖాళీ. పరీక్ష జరగకపోతే నేరం నిలబడదని తేలిపోయింది.

ఇతర దేశాలు అప్పటికే కొలత వైపు వెళ్లాయి. రక్తంలో మద్యం శాతాన్ని బట్టి నేరాన్ని నిర్ణయించే పద్ధతిని నార్వే 1936లోనే చట్టంలో పెట్టింది. 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ బ్రీత్ ఎనలైజర్ యంత్రాన్ని రూపొందించాడు. బ్రిటన్ 1967 రోడ్డు భద్రత చట్టంతో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది.

బ్రీత్ ఎనలైజర్ ఎలా పనిచేస్తుందో ఒక్క మాటలో తెలుసుకోండి, సైన్స్ అండ్ టెక్నాలజీలో కూడా పనికొస్తుంది. మద్యం రక్తంలోంచి ఊపిరితిత్తుల గాలిలోకి ఒక నిష్పత్తిలో చేరుతుంది. దాదాపు 2,100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉండే మద్యం, ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండే మద్యంతో సమానమన్న అంచనాతో యంత్రం లెక్క వేస్తుంది. అంటే అది రక్తాన్ని కొలవదు, శ్వాసను కొలిచి రక్తాన్ని అంచనా వేస్తుంది. కోర్టుల్లో వాదనలు చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

మన దేశంలో ఈ మార్పు 1988 మోటారు వాహనాల చట్టంతో స్థిరపడింది. దాని సెక్షన్ 185 మొదటి రూపంలో రక్తంలో మద్యం ఎంత స్వల్పంగా ఉన్నా నేరమే అంది. 1994 సవరణ దాన్ని మార్చి, బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం అని ఒక గీత గీసింది. బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్ పాటించే 80తో పోలిస్తే మన 30 చాలా కఠినమైన గీత. మన చట్టం మెతకదని రాసే ముందు ఈ అంకె గుర్తు తెచ్చుకోండి.

ఇక్కడ రాజ్యాంగపరమైన ప్రశ్న ఒకటి వస్తుంది. ఆర్టికల్ 20(3) ప్రకారం నిందితుణ్ణి తనకు తానే వ్యతిరేక సాక్షి కమ్మని బలవంతపెట్టకూడదు. మరి రక్తం ఇవ్వమనడం బలవంతం కాదా? 1961లో కథీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం జవాబిచ్చింది. వేలిముద్రలు, చేతిరాత నమూనాల వంటివి ఇవ్వడం తనకు తెలిసిన విషయాన్ని సాక్ష్యంగా చెప్పడం కాదు, కనుక ఆ రక్షణ వాటికి వర్తించదు. శ్వాస, రక్త పరీక్షలు ఈ తర్కం మీదే నిలబడ్డాయి.

4. నేటి చట్టం: ఏ సెక్షన్ ఏం చెబుతుంది?

2019 సవరణ చట్టం శిక్షల భాగం ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రిలిమ్స్‌కైనా మెయిన్స్‌కైనా పనికొచ్చే అంశాలు ఇవి.

సెక్షన్ 185: మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకుముందు ఈ జరిమానాలు 2,000, 3,000 రూపాయల దాకా ఉండేవి. రెండో నేరం మూడేళ్లలోపు జరిగితేనే పెద్ద శిక్ష అన్న షరతును కూడా 2019లో తీసేశారు. శ్వాస పరీక్షతో పాటు ప్రయోగశాల పరీక్షను కూడా సెక్షన్‌లో చేర్చారు.

సెక్షన్ 20(2): 185 కింద దోషిగా తేలితే కోర్టు కనీసం ఆరు నెలలు లైసెన్స్‌కు అనర్హుడిగా ప్రకటించాలి. ఇది కోర్టు ఇష్టానికి వదిలింది కాదు.

సెక్షన్ 188: తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష.

సెక్షన్ 200: కొన్ని నేరాలను కోర్టుకు వెళ్లకుండా నిర్ణీత మొత్తం కట్టించుకుని ముగించే అధికారం రాష్ట్రాలకు ఉంది. ఆ జాబితాలో 185 లేదు. అందుకే హెల్మెట్ చలానా ఫోన్‌లో కట్టేయవచ్చు కానీ, డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే.

సెక్షన్ 202 నుంచి 205 వరకు: యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తన ఎదుట ఈ నేరం జరిగితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. కానీ రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి, లేదంటే వదిలేయాలి. సరైన కారణం లేకుండా పరీక్షకు ఒప్పుకోకపోతే, ఆ నిరాకరణ ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలం చేకూర్చవచ్చు.

సెక్షన్ 150: బీమా కంపెనీ తన బాధ్యతను ప్రశ్నించడానికి చూపగల కారణాల్లో తాగి నడపడాన్ని 2019లో స్పష్టంగా చేర్చారు. సొంత బండికి జరిగిన నష్టం విషయంలోనూ 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు బీమా కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది.

ఇన్ని అధికారాలు ఉన్నా పోలీసులు గీత దాటకూడదు. 2021లో తెలంగాణ హైకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనంలో ఉంచుకునే అధికారం పోలీసులకు లేదు. తాగని వ్యక్తి వెంట ఉంటే బండి అతనికి ఇవ్వాలి. లేకపోతే భద్రపరిచి, తర్వాత తిరిగి ఇవ్వాలి. శిక్షించే పని కోర్టుది, రోడ్డు మీద పోలీసుది కాదన్న సూత్రం ఇందులో ఉంది.

ఇక్కడ ఒక విమర్శ కూడా రాయవచ్చు. పాత చట్టంలో "2,000 దాకా" అని ఉండేది, మనిషి స్థితిని బట్టి తగ్గించే వీలుండేది. కొత్త చట్టంలో 10,000 అన్నది స్థిరమైన మొత్తం. ఆటో నడిపేవాడికి అది నెల సంపాదనలో పెద్ద భాగం. ఖరీదైన కారులో వచ్చినవాడికి ఒక రాత్రి బిల్లు. జరిమానా కట్టలేనివాడు దానికి బదులు జైలుకు వెళ్తాడు. అంకె ఒక్కటే అయినా శిక్ష ఒక్కటి కాదు. లైసెన్స్ అనర్హత కూడా ఇద్దరికీ ఒకే బరువు కాదు. డ్రైవింగే బతుకుతెరువైనవాడికి ఆరు నెలలు పని పోతుంది. డ్రైవర్‌ను పెట్టుకోగలవాడు వెనుక సీట్లో కూర్చుంటాడు.

5. నిర్లక్ష్యమా, తెలిసి చేసిన పనా?

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. తాగి నడిపి మనిషిని చంపితే అది 304-ఏ కింద నిర్లక్ష్యమా, లేక సెక్షన్ 304 రెండో భాగం కింద హత్య కిందికి రాని శిక్షార్హ నరహత్యా? మొదటిదైతే రెండేళ్లు. రెండోదైతే పదేళ్ల దాకా. తేడా అంతా ఒక్క మాటలో ఉంది, అది "తెలిసి" అన్న మాట.

1999 జనవరిలో ఢిల్లీ లోధీ కాలనీలో ఒక బీఎండబ్ల్యూ కారు కింద ఆరుగురు చనిపోయారు. వారిలో ముగ్గురు పోలీసులు. కింది కోర్టు 2008లో 304 రెండో భాగం కింద ఐదేళ్లు వేసింది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని 304-ఏకు మార్చి రెండేళ్లు చేసింది. 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్లీ 304 రెండో భాగాన్నే నిలబెట్టింది. అయితే అప్పటికే అనుభవించిన జైలుతో సరిపెట్టి, 50 లక్షల రూపాయలు జమ చేయాలని, రెండేళ్లు సమాజ సేవ చేయాలని ఆదేశించింది. నేరం పేరు పెద్దదైంది, జైలు పెరగలేదు.

2006 నవంబరులో ముంబయి బాంద్రాలోని కార్టర్ రోడ్డులో ఒక కారు ఫుట్‌పాత్ మీదికి దూసుకెళ్లి ఏడుగురిని చంపింది. ఎనిమిది మంది గాయపడ్డారు. వాళ్లంతా అక్కడ పనిచేస్తూ రాత్రి అక్కడే పడుకునే కూలీలు. కింది కోర్టు ఆరు నెలల జైలు, ఐదు లక్షల జరిమానాతో ముగించింది. బాంబే హైకోర్టు దాన్ని 304 రెండో భాగానికి మార్చి మూడేళ్లు చేసింది. 2012 జనవరిలో అలిస్టర్ ఆంథొనీ పెరీరా కేసుగా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. జనం పడుకునే చోటు అని తెలిసి, తాగి, వేగంగా నడిపేవాడికి ప్రాణాలు పోవచ్చని తెలిసే ఉంటుందన్నది సారాంశం. మూడేళ్లు చాలదని కోర్టుకే అనిపించింది, కానీ శిక్ష పెంచమని రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేయలేదు.

1860 నాటి సెక్షన్ 86ను ఈ తీర్పుల పక్కన పెట్టి చదవండి. తనంతట తాను తాగినవాడికి తాగనివాడి తెలివిడి ఉన్నట్టే చూడాలన్న సూత్రానికీ, ఈ తీర్పులకూ దిశ ఒక్కటే. అంటే కొత్త చట్టం రాయకముందే పాత చట్టంలోనే కఠిన శిక్షకు దారి ఉంది. దాన్ని వాడుకోవాలన్న పట్టుదల దర్యాప్తు దశలో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

డబ్బు శిక్షకు బదులు కాగలదా అన్న చర్చ కూడా ఇక్కడే వస్తుంది. 2015లో సౌరభ్ బక్షీ కేసు చూడండి. అది మద్యం కేసుగా కాక, దూకుడు డ్రైవింగ్ కేసుగా వచ్చింది. పరిహారం కట్టాడన్న కారణంతో హైకోర్టు శిక్షను 24 రోజులకు తగ్గిస్తే, సుప్రీంకోర్టు ఒప్పుకోక ఆరు నెలలకు పెంచింది. 304-ఏ శిక్షను చట్టసభ మళ్లీ పరిశీలించాలని కూడా సూచించింది. ఆ మార్పు తొమ్మిదేళ్ల తర్వాత, 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహితతో వచ్చింది. సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్య మరణానికి ఇప్పుడు ఐదేళ్ల దాకా జైలు. శిక్షార్హ నరహత్య ఇప్పుడు సెక్షన్ 105. పాత 510 స్థానంలో సెక్షన్ 355 వచ్చింది. 10 రూపాయల జరిమానా 1,000 దాకా పెరిగి, సమాజ సేవ కూడా శిక్షగా చేరింది.

6. అమ్మేదీ రాజ్యమే, పట్టేదీ రాజ్యమే

పాలిటీ కోణం మరచిపోవద్దు. మద్యం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా అంశం. దాని మీద ఎక్సైజ్ సుంకం కూడా రాష్ట్రాలదే. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఆర్టికల్ 47 మద్యనిషేధం వైపు ప్రయత్నించమంటుంది. రాష్ట్ర ఖజానా ఏమో మద్యం ఆదాయం మీద ఆధారపడుతుంది. హైవే పక్కన దుకాణానికి లైసెన్స్ ఇచ్చేదీ, అదే హైవే మీద డ్రైవర్‌ను ఆపి ఊదమనేదీ ఒకే ప్రభుత్వం.

ఈ వైరుధ్యాన్నే 2016 డిసెంబరు 15న కె. బాలు కేసులో సుప్రీంకోర్టు పట్టుకుంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు 2017 ఏప్రిల్ 1 నుంచి ఉండకూడదంది. 2017 మార్చి 31న 20,000 లోపు జనాభా ఉన్న చోట్ల దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఆ ఏడాది జూలైలో పురపాలక ప్రాంతాలకు ఈ తీర్పు అడ్డు కాదని వివరణ ఇచ్చింది. ఈలోగా కొన్ని రాష్ట్రాలు పట్టణాల గుండా వెళ్లే రహదారుల హోదానే మార్చుకునే పనిలో పడ్డాయి. నేరస్థుణ్ణి శిక్షించడం కంటే నేరానికి దారితీసే ఏర్పాటును మార్చడం ప్రభుత్వాలకు ఎంత కష్టమో ఇది చూపిస్తుంది.

7. పారిపోయినవాడికి లాభం

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు పూర్తి సమాధానం చెప్పుకోవచ్చు. 30 మిల్లీగ్రాముల గీత మంచిదే. కానీ కొలత మీద నిలబడే చట్టం, కొలిచే సమయం మీద కూడా ఆధారపడుతుంది. శరీరం గంటగంటకూ మద్యాన్ని తగ్గించుకుంటూ పోతుంది. ఆగి, గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాడి రక్తంలో సాక్ష్యం దొరుకుతుంది. పారిపోయినవాడి రక్తంలో దొరకదు. చట్టం అనుకోకుండా పారిపోవడానికి బహుమతి ఇస్తోంది.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మద్యం, మత్తు పదార్థాల ఖాతాలో నమోదైన మరణాలు అందులో సుమారు 2.5 శాతమే. ఈ చిన్న అంకెను చూసి సమస్య చిన్నదని రాయకండి. పరీక్ష జరగని చోట మద్యం నమోదు కాదు.

ఈ ఖాళీని పూడ్చడానికే న్యాయ సంహితలో సెక్షన్ 106(2) పెట్టారు. నిర్లక్ష్యంగా నడిపి మనిషిని చంపి, పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. 2024 జనవరి మొదట్లో దేశవ్యాప్తంగా లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనాన్ని మీరూ చూసే ఉంటారు. ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే పదేళ్లు జైలు, మేమెక్కడికి పోవాలన్నది వాళ్ల ప్రశ్న. అది తేలిగ్గా తీసేయదగిన ప్రశ్న కాదు. కేంద్రం ఆ ఉపసెక్షన్ అమలును ఆపింది. మిగతా సంహిత జూలై 1న అమల్లోకి వచ్చినా 106(2)ను పక్కన పెట్టారు.

కొలత మీద నమ్మకం ఎంత సున్నితమైనదో 2024 మే నెలలో పుణె చూపించింది. ఒక మైనర్ నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో వచ్చిన బెయిలు దేశమంతా చర్చనీయాంశమైంది. ఆ తర్వాత రక్త నమూనానే మార్చారన్న ఆరోపణ మీద అరెస్టులు జరిగాయి. ఆ ఆరోపణలు తేల్చాల్సింది కోర్టే. మనం గ్రహించాల్సింది వేరే ఉంది. 1971లో డాక్టర్ మాట చాలదని యంత్రం వైపు, ప్రయోగశాల వైపు వచ్చాం. ఆ నమూనాను ఎవరు తీశారు, ఎవరు మోశారు, ఎవరు సీలు వేశారు అన్నది నమ్మదగినదిగా లేకపోతే మళ్లీ మొదటికే వస్తాం.

బాధితుల వైపు కూడా ఒక్కసారి చూడండి. ఢీకొట్టిన బండి ఎవరిదో తెలియని కేసులో మరణానికి చాలాకాలం పాటు 25,000 రూపాయల పరిహారమే ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 అయింది. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కూలీ కుటుంబానికి పారిపోయినవాడి శిక్ష కంటే ముందు కావలసింది ఇదే.

8. సమాధానంలో ఏం రాయాలి?

ఈ అంశం జీఎస్ పేపర్-2లో పాలన, న్యాయవ్యవస్థ కింద రావచ్చు. నైతికత పేపర్‌లో కేస్ స్టడీగా రావచ్చు. వ్యాసంలో శిక్ష కఠినత్వమా, నిశ్చయత్వమా అన్న రూపంలో రావచ్చు. ఏ రూపంలో వచ్చినా "శిక్షలు ఇంకా పెంచాలి" అన్న ముగింపు రాసే ముందు మీరు చదివిన చరిత్రను గుర్తు తెచ్చుకోండి. మూడు నెలలు ఆరు నెలలయ్యాయి. 500 రూపాయలు 10,000 అయ్యాయి. రెండేళ్లు ఐదేళ్లయ్యాయి. వీటితో పాటు పెరగాల్సినవి వేరే ఉన్నాయి.

ప్రమాదం జరిగిన ప్రతిచోటా నిర్ణీత సమయంలో తప్పనిసరి రక్త పరీక్ష, నమూనా చేతులు మారే ప్రతి దశకూ లెక్క, ఆగి సమాచారం ఇచ్చిన డ్రైవర్‌కు జనం దాడి నుంచి రక్షణ, దోషి ఆదాయాన్ని బట్టి జరిమానా నిర్ణయించే వీలు, రాత్రిపూట బస్సులు, రహదారి పక్కన దుకాణాల మీద నిజమైన నియంత్రణ. వీటిలో ఏ ఒక్కటీ కొత్త నేరాన్ని సృష్టించదు. ఉన్న చట్టం పనిచేసేలా చేస్తుంది.

ఇంకొక్క మాట. మీలో కొందరు రేపు సబ్ కలెక్టర్లుగా, ఏఎస్పీలుగా జిల్లాలకు వెళ్తారు. కార్టర్ రోడ్డు కేసులో శిక్ష పెంచమని ప్రభుత్వం అప్పీలు చేయలేదని పైన చదివారు కదా. అప్పీలు చేయాలా వద్దా అన్న ఫైలు ఏదో ఒక బల్ల మీద ఉంటుంది. ఆ ఫైలులో చనిపోయినవాళ్లకు పలుకుబడి ఉండదు, కొన్నిసార్లు సరైన చిరునామా కూడా ఉండదు. దాని మీద సంతకం పెట్టే రోజు మీకు వస్తే, సెక్షన్ల నంబర్ల కంటే ముందు ఆ ఏడుగురు కూలీలు గుర్తుకు రావాలి.